చక్రపు వెడల్పు: కొత్తకోట బండి నుండి స్పోర్ట్సు కారు వరకు

చక్రమును గూర్చి మాటలాడువారు దాని గుండ్రదనమును మెచ్చుకొందురు. దాని వెడల్పును గూర్చి ఆలోచించువారు అరుదు. అయినను చక్రము విషయమున మనుష్యులు పడిన తగవులలో పెద్ద తగవు వెడల్పును గూర్చినదే. చక్రము నేలను ఎంతమేర తాకవలెను? బరువు మోయునది చక్రమా, బాటయా, బండిని లాగు పశువా? చక్రమును వెడల్పు చేసినచో మేలు ఎవరికి, ఖర్చు ఎవరికి? ఈ ప్రశ్నలకు ఇంగ్లండు పార్లమెంటు ఒక విధముగా, మన దేశపు ఇంజనీర్లు మరియొక విధముగా, తెలంగాణపు రైతు వేరొక విధముగా సమాధానము చెప్పిరి. ఆ సమాధానముల కథయే ఈ ప్రసంగము.

నేడు ఈ తగవు మోటారు ప్రియుల నడుమ మరల తలయెత్తినది. అరువది ఏండ్ల నాటి స్పోర్ట్సు కార్లను పదిలపరచుకొన్నవారిలో కొందరు, వానికి మొదట ఉన్న సన్నని చక్రములను తీసివేసి, వెడల్పైన రిమ్ములను, వెడల్పైన టైర్లను తొడుగుచున్నారు. ఒక ఉదాహరణము చూతము. ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారము నుండి 1962లో ఎం.జి.బి. అను రెండు సీట్ల స్పోర్ట్సు కారు వెలువడెను. దాని టైరు వెడల్పు 5.6 అంగుళములు, రిమ్ము వ్యాసము 14 అంగుళములు. నేడు దానికి 165 మిల్లీమీటర్ల టైరు వేయువారు కలరు, 185 మిల్లీమీటర్ల టైరు వేయువారును కలరు. అనగా ఐదున్నర అంగుళములు దాటిన టైరు ఉన్నచోట ఏడు అంగుళములు దాటిన టైరు వచ్చి కూర్చున్నది. కారు చూపునకు బలిష్ఠముగా ఉండును; మలుపులలో నేలను గట్టిగా పట్టును. కాని అసలు కారు స్వభావము చెడినదని వాదించువారును కలరు.

ఈ వాదమున మొదట తెలియదగిన సంగతి ఒకటి కలదు. టైరు వెడల్పైనచో అది నేలను తాకు వైశాల్యము కూడ ఆ మేరకు పెరుగునని చాలమంది తలంతురు. లెక్క వేరు. గాలిటైరుపై పడిన బరువును ప్రధానముగా మోయునది లోపలి గాలి. ఒక చక్రముపై 500 పౌనుల బరువు పడి, లోపలి గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 25 పౌనులైనచో, ఆ టైరు సుమారు 20 చదరపు అంగుళముల మేర నేలను తాకును. ఒత్తిడి మార్చక టైరును మాత్రమే వెడల్పు చేసినచో ఆ 20 చదరపు అంగుళములు దాదాపు అట్లే ఉండును, మారునది ఆకారము. నిలువుగా పొడవైన అడుగు పొట్టిదై, అడ్డముగా విస్తరించును. మలుపులో పట్టు పెరుగుటకు ఈ ఆకారపు మార్పు ఒక ముఖ్య కారణము. అయితే వాననీరు నిలిచిన బాటపై వెడల్పైన టైరు నీటిని త్వరగా ప్రక్కలకు త్రోయజాలదు. అందువలన వేగముగా పోవునపుడు నీటిపై తేలు ప్రమాదము దానికే హెచ్చు.

అంతటితో ముగియదు. చక్రము వెలికి జరిగినచో ఇరుసు చివరనున్న బేరింగుపై బరువు పడు తీరు మారును. స్టీరింగు చేతికి బరువగును. చక్రము త్రిప్పినపుడు టైరు మడ్గార్డు అంచును రాచుకొనును. టైరు నేలను గట్టిగా పట్టినకొలది మలుపులోని బలమంతయు స్ప్రింగులకు, అవి బిగించిన చట్రమునకు చేరును. సన్నని టైరు జారి విడిచిపెట్టు బలమును వెడల్పైన టైరు విడువక లోపలికి పంపును. ఆ బలము కొరకు లెక్క వేయని పాత లోహము అలసిపోవును. అందుచేత ఒక్క చక్రమును మాత్రమే వెడల్పు చేయుట సాధ్యము కాదు. చక్రముతో ముడిపడిన సమస్తమును మార్చవలెను, లేదా ఆ సమస్తముపై అదనపు బరువు మోపవలెను.

మోటారు నిపుణులు ఈ పాఠమును ఇరువదవ శతాబ్దమున నేర్చుకొనిరి. మన వడ్రంగులు, కమ్మరులు దానిని అంతకు ఎంతో ముందే ఎరుగుదురు. అది ఎట్లో చూచుటకు కొత్తకోట బాటకు పోవుదము.

కొత్తకోట హైదరాబాదు నుండి కర్నూలు మీదుగా బెంగుళూరునకు పోవు పెద్దబాటపై ఉన్నది. ఒకప్పుడు 7వ నెంబరు జాతీయ రహదారి అనియు, నేడు 44వ నెంబరనియు వ్యవహరింపబడు బాట ఇదియే. చిరకాలము మహబూబునగరము జిల్లాలో నుండిన ఈ ఊరు, 2016 అక్టోబరు 11న ఏర్పడిన వనపర్తి జిల్లాలో చేరినది. ఈ ప్రాంతపు రైలు పటమును చూచినచో ‘వనపర్తి రోడ్’ అను స్టేషను కనిపించును. స్టేషను పేరు చివర ‘రోడ్’ అను మాట ఉన్నచో ఊరు స్టేషనునకు దూరమున ఉన్నదని తెలిసికొనవలెను. రైలు దిగిన బస్తాకు, ఊరిలోని దుకాణమునకు నడుమ మిగిలిన ఆ దూరమును ఎన్నో ఏండ్లు పూరించినది ఎద్దుబండి.

ఎద్దుబండికి ముందు ఈ సీమలో దూరపు సరకును మోసినది లంబాడీల ఎద్దుల మంద. ఉప్పు, ధాన్యము ఎద్దుల వీపులపై కెక్కి వందల మైళ్లు ప్రయాణము చేసెడివి. వీపుపై మోయు ఎద్దునకు బాట అక్కరలేదు. కాలు మోపు చోటు దొరికిన చాలును. చక్రమునకు అట్లు కాదు. చక్రము వచ్చిన నాటి నుండి నేలయు లెక్కలోనికి వచ్చినది. ఈ ప్రాంతపు నేల ఒక తీరుగా ఉండదు. మొరము కలిసిన ఎర్రని చెలకలు కొన్ని, నల్లరేగడి చేలు కొన్ని, బండలు తేలిన గుట్టవాలులు కొన్ని. ఎండకాలమున ఇనుమువలె గట్టిపడు నేల, వానకాలమున చక్రమును మ్రింగును.

ఈ నేలకు తగినట్లు మన వడ్రంగి చక్రమును నిర్మించెను. నడుమ కుండ, కుండకు తొలచిన రంధ్రములలో దిగగొట్టిన ఆకులు, ఆకుల చివరలను కలుపుచు వంపుగా చెక్కిన పూటీలు. తుమ్మకఱ్ఱ ఈ పనికి పేరు పడినది. పూటీలపై ఇనుప పట్టా వేయుట కమ్మరి పని. పట్టాను చక్రపు చుట్టుకొలతకన్న కొంచెము తక్కువగా ఉండునట్లు అతికి, పిడకల మంటలో ఎర్రగా కాల్చుదురు. కాలిన పట్టా వ్యాకోచించి పెద్దదగును. అప్పుడు నలుగురు పట్టుకార్లతో పట్టి చక్రముపై దించి, సమ్మెటలతో సరిచేసి, నీరు పోయుదురు. చల్లారిన పట్టా బిగిసి, కుండను, ఆకులను, పూటీలను ఒక్కటిగా అదిమి పట్టును. మేకు ఒక్కటియు లేకున్నను ఏండ్ల తరబడి నిలుచు బిగువు అది.

ఆ పట్టా వెడల్పు సాధారణముగా రెండు అంగుళములకు అటునిటు. చక్రపు ఎత్తు మనిషి రొమ్ము వరకు వచ్చును. ఇంత ఎత్తైన చక్రమునకు అంత సన్నని అంచు ఏల? కారణములు మూడు. మొదటిది ఇనుము ఖరీదు. వెడల్పు రెట్టింపైనచో పట్టా ఖరీదును రెట్టింపగును. రెండవది బరువు; పూటీలు వెడల్పైనకొలది చక్రము బరువెక్కి ఎద్దుల శక్తిని తానే తినివేయును. మూడవది బురద. పైపొర మెత్తగా ఉండి అడుగున గట్టినేల ఉన్నచోట సన్నని చక్రము బురదను కోసికొని పోయి గట్టినేలను అందుకొనును. ఎత్తైన చక్రమైనందున ఇరుసు బురదను తాకదు. గుంతలను, రాళ్లను సులువుగా దాటును. అనగా ఆ సన్నదనము తెలియక చేసినది కాదు. పేదరికమును, ఋతువును, పశువు బలమును కలిపి వేసిన లెక్క అది. సరకుల బండికి ముతక చక్రములు, సవారికై కట్టు గూడుబండికి తేలిక చక్రములు ఉండెడివి. తెలంగాణమున కచ్చురమని పిలువబడిన సవారి బండియే ఆ నాటి స్పోర్ట్సు కారనుకొనవచ్చును. కార్తికమాసమున కురుమూర్తి జాతరకు బండ్లు కట్టుకొని పోయిన తరమునకు, ఏ బండి చక్రము ఎంత తేలికయో చెవితో విని చెప్పు నేర్పు ఉండెను. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమను సామెత ఊరక పుట్టలేదు. ఆముదములు పండు ఈ సీమలో ఆముదమున కాల్చిన గడ్డిమసిని కలిపి చేసిన కందెనయే ఇరుసునకు ఆధారము.

సన్నని చక్రము నేలను కోయును. ఒక బండి కోసిన చాలులో మరియొక బండి నడచును. అట్లు ఏర్పడినదే గాడి. ఇరుచక్రముల నడుమ దూరము గాడులకు సరిపోనిచో బండి నడువదు. కావున ఒక ప్రాంతపు వడ్రంగులందరును ఒకే కొలతను పాటించిరి. పని సక్రమముగా సాగినచో గాడిలో పడినదనియు, చెడినచో గాడి తప్పినదనియు నేటికిని మనము అందుము. బండిచక్రము మన నేలపైననే గాక మన నుడిలోను గాడి వేసినది.

మట్టిబాటపై గాడి లాభము. కంకరబాట వచ్చిన పిమ్మట అదే గాడి నేరమైనది. ఒక టన్ను బరువు గల బండి రెండు చక్రములపై నిలిచినదనుకొందము. ఒక్కొక్క చక్రముపై అర టన్ను, అనగా 1,120 పౌనులు. రెండు అంగుళముల ఇనుప పట్టా గట్టి కంకరను ఒక అంగుళము పొడవున తాకినచో, ప్రతి చదరపు అంగుళముపై 560 పౌనుల ఒత్తిడి పడును. అదే బరువును 40 పౌనుల గాలి గల రబ్బరు టైరు మోసినచో 28 చదరపు అంగుళముల నేల దానిని పంచుకొనును. ఒత్తిడి పదునాలుగవ వంతునకు దిగును. బాట వేయించిన ఇంజనీరునకు ఎద్దుబండిపై కోపము రావడములో ఈ విధముగా న్యాయము కలదు.

ఈ కోపము మనకన్న ముందు ఇంగ్లండున పుట్టెను. అచ్చటి సుంకపు బాటలు సరకుబండ్ల చక్రముల క్రింద నలిగిపోవుట చూచి, 1753లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. పెద్ద సరకుబండ్ల చక్రములు తొమ్మిది అంగుళముల వెడల్పు కలిగియుండవలెనని దాని శాసనము. వెడల్పైన చక్రము బాటను రోలరువలె అణచి చదును చేయునని శాసనకర్తల ఊహ. బండివాండ్రు చట్టమును పాటించిరి, కాని తమ తీరున. అంచు తొమ్మిది అంగుళములు ఉంచి, నడుమ భాగమును ఉబ్బెత్తు చేసిరి. నేలను తాకునది రెండు మూడు అంగుళములే. కొందరు చక్రపు అంచును ఏటవాలుగా, గరాటువలె చేసిరి. అట్టి చక్రము దొరలుటయే గాక ఈడ్చుకొనుచు పోయి కంకరను పిండి చేసెను. బాటను కాపాడవలసిన వెడల్పే బాటను నూరివేసినది.

పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున జాన్ లౌడన్ మెకాడమ్ ఈ ఆలోచనను తలక్రిందులు చేసెను. బాటకు తగిన బండిని కోరుట గాక, రాబోవు బండ్లకు తగిన బాటను వేయవలెనని అతని సిద్ధాంతము. చిన్న చిన్న కంకర ముక్కలను పొరలుగా పరచి, అడుగునేలను నీరు చేరక పొడిగా ఉంచినచో, ఆ నేలయే బరువు మోయునని అతడు బోధించెను. బాట పాడైనచో చక్రము గలవానిని శిక్షించుటకు ముందు బాట వేసినవానిని ప్రశ్నింపవలెనని దీని తాత్పర్యము. చరిత్రలో ఇది చిన్న మాట కాదు.

మన దేశమున మోటారు వచ్చిన తరువాత ఈ ప్రశ్న తీవ్రమైనది. 1927లో ఎం. ఆర్. జయకర్ అధ్యక్షతన బాటల అభివృద్ధి సంఘము ఏర్పడి, మరుసటి ఏట నివేదిక ఇచ్చెను. పెట్రోలుపై అదనపు సుంకము విధించి ఆ ధనమును బాటలకు వినియోగించు కేంద్ర రోడ్డు నిధి 1929లో వచ్చినది. 1934 డిసెంబరులో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ఢిల్లీలో మొదటిసారి సమావేశమైనది. ఇంజనీర్లు కూడినచోటనెల్ల ఎద్దుబండి ఇనుప పట్టా చర్చకు వచ్చుచుండెను. హైదరాబాదు రాజ్యమున 1932 జూనులో నిజాము రైల్వేకు చెందిన రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో పని ఆరంభించెను. ఒకే బాటపై ఇప్పుడు రెండు చక్రములు నడిచినవి. గాలిటైరు బస్సు వేగముతో కంకరలోని దుమ్మును పీల్చి లేపును. ఇనుప పట్టా బండి కంకరను కోయును. ఒకదాని గాయమును రెండవది పెద్దది చేయును. కాని పట్టా వెడల్పు చేయుమని రైతును నిర్బంధించినచో ఆ ఇనుము ఖరీదును ఎవరిత్తురు? బాట మేలు రాజ్యమునకు, బస్సు మేలు ప్రయాణికునకు. చక్రపు ఖర్చు మాత్రము రైతునకు. వెడల్పు తగవులో అసలు చిక్కు ఇదియే.

చిక్కు విప్పుటకు ఇనుము చాలలేదు, రబ్బరు రావలసివచ్చెను. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌యియర్, రబ్బరును గంధకముతో వేడిచేసి గట్టిపరచు విధానమును కనుగొనెను. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాటిష్ ఇంజనీరు గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను. అది గుఱ్ఱపు బండ్ల కొరకు చేసినది. కాలము కలిసిరాక ఆ సంగతి మరుగున పడినది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల సైకిలు కుదుపు తగ్గించుటకై గాలిటైరును మరల కనుగొనెను. 1895లో మిషెలిన్ సోదరులు పారిస్ నుండి బోర్డోకు పోయి వచ్చు మోటారు పందెమున గాలిటైర్ల కారును నడిపి, దారి పొడవున పంక్చర్లతో కుస్తీపట్టిరి. తొలి మోటారు టైర్లు సన్ననివి, గట్టి ఒత్తిడి గలవి. 1923 ప్రాంతమున తక్కువ ఒత్తిడితో నడచు లావైన టైర్లు వచ్చి ప్రయాణము మెత్తనైనది. మోటారు టైరు లావగుటకు నాంది అదియే.

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున ఆ తొలినాటి సాక్షి ఒకటి కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొరకు చేయించిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు అది, 1912 నాటిది. రాజఠీవి గల ఆ కారు అంతయు సన్నని టైర్లపైననే నిలిచి ఉన్నది. వెడల్పే వైభవమను భావన ఆనాటిది కాదని అది ఊరకయే చెప్పుచున్నది.

1936లో పశ్చిమ వంగమున సాహాగంజ్‌లో డన్‌లప్ కంపెనీ టైర్ల కర్మాగారమును నెలకొల్పెను. మన దేశమున టైరు కర్మాగారములలో అది మొదటిది. తరువాతి కాలమున అది మూతపడినది. మోటారు టైర్లతో పాటు పశువులు లాగు బండ్లకును ప్రత్యేకముగా టైర్లు తయారైనవి. 19 అంగుళముల రిమ్ముపై కూర్చుండు ఆ టైరు మన పల్లెలను మార్చివేసెను. ఎవరి కంపెనీ టైరైనను దానిని డన్‌లప్ బండియనియే ప్రజలు పిలిచిరి. యుద్ధకాలమున, 1942లో మలయా జపాను వశమగుటతో రబ్బరు కరవై టైరు దొరకుట దుర్లభమైనది. స్వాతంత్ర్యానంతరము టైరుబండి క్రమముగా ఊరూర వ్యాపించెను.

మార్పు ఎంతటిదో గమనింపుడు. ఎత్తైన కొయ్యచక్రము పోయి పొట్టి చక్రము వచ్చెను. కుండకు బదులు బేరింగు. కందెనకు బదులు గ్రీసు. కిర్రుమను చప్పుడు ఆగిపోయి, ఎద్దుల మెడ గంటలు మాత్రము వినిపించినవి. గట్టిబాటపై అదే జత ఎద్దులు దాదాపు రెట్టింపు బరువును లాగగలిగినవి. బాట కోత తగ్గెను. ఇంజనీరు కోరిన వెడల్పు, చట్టము లేకయే, రైతు లాభమును చూచి తానుగా తెచ్చుకొనుటచే వచ్చినది. ఇంగ్లండు పార్లమెంటు శాసనముతో సాధింపలేని దానిని రబ్బరు సాధించెను.

అయితే వెడల్పు ఖర్చు ఎవరిదను ప్రశ్న అంతటితో తీరలేదు. రెట్టింపు బరువు బండికెక్కినది గాని ఎద్దు మెడ రెట్టింపు కాలేదు. సమతలమున టైరుబండి సుఖము; వాలు దిగునపుడు అదే సుఖము ప్రాణసంకటము. ఇనుప పట్టా నేలను కోయుచు పోవుట వలన కొంత తానే ఆగెడిది. టైరు ఆగదు. బ్రేకు లేని బండి బరువంతయు కాడి మీదుగా ఎద్దుల మెడలపైకి త్రోసికొని వచ్చును. ముందు వెనుకల బరువు తూకము చూడక బస్తాలెత్తిన బండిలో మెడలపై పుండ్లు పడినవి. చక్రము మారినది, కాడి మారలేదు. స్పోర్ట్సు కారునకు వెడల్పైన టైరు వేసి పాత బేరింగును, పాత బ్రేకును అట్లే ఉంచుట ఎట్టిదో, ఇదియు అట్టిదే. భేదమొక్కటి: అచ్చట అలసినది లోహము, ఇచ్చట మూగజీవము.

1970 దశకమున బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు సంచాలకుడైన ఎన్. ఎస్. రామస్వామి ఈ సంగతిని దేశము దృష్టికి తెచ్చెను. ఎద్దుబండిని వెనుకబాటు గుర్తని పరిహసించుట మాని, దేశపు రవాణాలో అది మోయుచున్న భాగమును లెక్కింపవలెనని ఆయన వాదించెను. చక్రము, బేరింగు, బ్రేకు, కాడి, బండి బరువు అన్నియు కలిపి సంస్కరింపవలెనని ఆయన పట్టుదల. ఒక్క చక్రమును మార్చినచో చాలదని ఆయన గ్రహించెను. ఇంతలో ట్రాక్టరు వచ్చి పడుటతో ఆ సంస్కరణము పూర్తికాకమునుపే బండి బాట ప్రక్కకు తప్పుకొన్నది.

కష్టము మరియొక ఇంటను కూడ పడినది. టైరుబండి కొన్న రైతు పట్టా వేయించుకొనుటకు కమ్మరి కొలిమికి పోనక్కరలేదు. ఆకు విరిగినదని వడ్రంగి వాకిటికి పోనక్కరలేదు. పంక్చరైనచో పోవలసినది బాట ప్రక్కనున్న సైకిలు దుకాణమునకు. తరతరములుగా ఊరి పంటలో పాలు పొందుచు ఊరి బండ్లను నడిపించిన రెండు వృత్తులు చక్రము వెడల్పగుటతో సన్నబడినవి. బాటకు మేలు, బస్సుకు మేలు, రైతునకు మేలు జరిగిన మాట నిజమే. ఆ మేలులో కొంత ఖరీదును కొలిమి చెల్లించినదనుటయు నిజమే.

ఇప్పుడు స్పోర్ట్సు కారు యజమాని ప్రశ్నకు మరల వత్తము. పాత కారునకు వెడల్పైన చక్రములు వేయవచ్చునా? వేయవచ్చును. కాని బండి చరిత్ర నేర్పిన ప్రశ్నలను వరుసగా అడుగవలెను. టైరునకు తగిన వెడల్పు రిమ్మునకు ఉన్నదా? రిమ్ము మధ్యరేఖ మొదటి చోటనే ఉన్నదా, వెలికి జరిగినదా? చక్రమును పూర్తిగా త్రిప్పినను, స్ప్రింగు పూర్తిగా అణగినను టైరు దేనినైన రాచునా? బేరింగులు, బ్రేకులు, స్టీరింగు అదనపు బలమును ఓర్చునా? తీగెల ఆకులు గల చక్రమైనచో ఇంకొక జాగ్రత్త కావలెను. బండి కొయ్య ఆకుపై బరువు నిలుచును. మోటారు తీగె చక్రమున బరువు పై తీగెల నుండి వ్రేలాడును. పట్టు పెరిగినకొలది తీగెలపై లాగుడు పెరుగును. ఈ ప్రశ్నలకు సమాధానము దొరికినచో కొద్దిపాటి వెడల్పు మేలే చేయును. దొరకనిచో ఆ వెడల్పు అలంకారము మాత్రమే. ఏది మార్చినను మొదటి చక్రములను పారవేయక భద్రపరచుట మంచిది. చట్రమును, మడ్గార్డును కోయక, కోరినపుడు మరల పూర్వరూపమునకు తేగల విధముగా మార్పు చేయుట ఇంకను మంచిది. పాత వస్తువు మన చేతికి వచ్చినది వాడుకొనుటకే గాక, మన తరువాతివారికి అందించుటకును.

నేడు కొత్తకోట మీదుగా పోవు నాలుగు వరుసల రహదారిపై గాడి అను మాటకు చోటు లేదు. పదునారు, పద్దెనిమిది టైర్ల లారీలు టన్నుల బరువును నున్నని తారుపై మోసికొని పోవుచున్నవి. వాని టైరు ఎంత వెడల్పో, ఇరుసుపై ఎంత బరువు ఉండవలెనో చట్టము నిర్ణయించును. పరిమితికి మించి మోసినచో తారుబాటపై కూడ చక్రపు జాడలు క్రుంగి కనిపించును. 1753 నాటి తగవు రూపము మార్చుకొని ఇంకను సాగుచున్నదన్నమాట. చక్రమును వెడల్పు చేయుట సులువు. ఆ వెడల్పునకు తగినట్లు ఇరుసును, బాటను, కాడిని, కొలిమిని కూడ కలిపి చూచుట కష్టము. ఆ కష్టమునకు ఓర్చినచోట చక్రము అందరికిని మేలు చేసినది. ఓర్వనిచోట ఒకరి సుఖమును మరియొకరి మెడపైకి దొర్లించినది.